ఉంగుటూరు తండ్రి, గోవా కొడుకు, పడవలో మరుగుదొడ్డి

ఉంగుటూరు అనగానే చదువరులలో చాలామందికి తాడేపల్లిగూడెం దారిలోని ఉంగుటూరు గుర్తుకు వస్తుంది. మా పేరున వచ్చే ఉత్తరములు అక్కడికి పోయి, ముద్ర మీద ముద్ర వేయించుకొని, పది రోజుల తరువాత మాకు చేరిన సందర్భములు ఉన్నాయి. మాది కృష్ణా జిల్లా ఉంగుటూరు. విజయవాడ నుండి ఏలూరు వైపు వస్తూ గన్నవరం దాటి, పెదఅవుటపల్లిలో జోసఫ్ తంబిగారి పుణ్యక్షేత్రము దాటి, తేలప్రోలు దగ్గర జాతీయ రహదారి దిగి లోపలికి వెళ్ళాలి. మా వైపు వరి పొలములు. హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు రోడ్డు ఎక్కితే మాత్రము మామిడి తోటలు మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలలలో మా సంఘములో సగము మంది ఆ తోటలలోనే ఉంటారు. మగవారు చిక్కముతో కాయ కోస్తారు, ఆడవారు గడ్డి పరచి పెట్టెలకెత్తుతారు. ఆ రెండు నెలలు ఆదివారపు కానుక సంచిలో నోట్లు కూడ మామిడి సొన వాసన వేస్తాయి.

అటువంటి తోటలలో ముప్పది ఏండ్లుగా కోత మేస్త్రీగా ఉన్న ఒక పెద్దమనిషి మా సంఘములో ఉన్నాడు. పేరు వ్రాయము. కోత లేని కాలములో చుట్టుప్రక్కల ఊళ్ళలోని బోరింగు పంపులు విప్పి వాషర్లు మార్చటం ఆయన పని. పంపు కొట్టగానే వచ్చే చప్పుడు విని, లోపల ఏది అరిగిందో చెప్పగలడు. ఆయన చిన్న కొడుకు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొని మూడేండ్ల క్రితము గోవా వెళ్ళాడు. “మావాడు షిప్పుల్లో ఇంజనీరండి” అని తండ్రి చెప్పుకునేవాడు. కొడుకు కూడ కాదనలేదు.

మొన్న వేసవిలో ఊరి కుర్రవాళ్ళు నలుగురు విహారమునకు గోవా వెళ్ళి, ఇతడిని చూడబోయి, ఫోనులో ఒక ఫోటో తీసుకొచ్చారు. ఫోటోలో మా అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. మోచేతుల వరకు చేతులు ఒక మరుగుదొడ్డి బేసిన్‌లో ఉన్నాయి. సాయంత్రమునకు ఆ ఫోటో ఊరందరి ఫోనులలోనికి వచ్చింది. కంకిపాడు వైపు నుండి వచ్చిన సంబంధము వారు ఆ తరువాత మాట్లాడటం మానివేశారు.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు తండ్రి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“అయ్యగారూ, మీరెళ్ళి వాణ్ణి తీసుకురండి. కాయ కోసుకు బతకమనండి. మా నాన్న ఏం పని చేశాడో మీకు తెలుసు గదా.”

మాకు తెలుసు. ఆయన తండ్రి ఒక పట్టణములో పాకీదొడ్లు ఎత్తేవాడు. ఇంటి వెనుక చిన్న తలుపు తీసి, రేకుముక్కతో గోకి, గంపలోనికెత్తి, నెత్తిన పెట్టుకొని ఊరి బయటకు మోయటం. ఇరవై అయిదు సంవత్సరములు అదే పని. చిన్నప్పుడు ఒక మధ్యాహ్నము అన్నము క్యారేజి తీసుకొనివెళ్ళి, నాన్న చేతులు చూచి, క్యారేజి అక్కడే దింపి పరుగెత్తి వచ్చేశానని మాతో ఒకసారి చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అరవై ఏండ్ల మనిషి తల ఎత్తలేదు. తన బిడ్డలలో ఎవరూ ఆ పని తాకరాదని ఆనాడే అనుకున్నాడట.

కాబట్టి మేమును మా సతీమణియు విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. అబ్బాయి తల్లి చిన్నరసాల బుట్ట ఒకటి గడ్డి పరచి కుట్టి ఇచ్చింది. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా ఆ బండి వాస్కో వరకు పోతుంది. బళ్ళారి చేరేసరికి కాయలు పండి బోగీ అంతా వాసన. ఎదుటి సీటులోని కన్నడ దంపతులు అడగలేక అడిగారు. నాలుగు ఇచ్చాము.

మేము వెళ్ళుతున్న పని అటువంటిది కనుక, ఈసారి రైలు దొడ్డి మీద కూడ మా దృష్టి నిలిచింది. మా చిన్నతనములో తొంగిచూస్తే క్రింద కంకర, పట్టాలు పరుగెత్తుతూ కనిపించేవి. ఇప్పుడు పెట్టెల క్రింద తొట్లు ఉన్నాయి. రక్షణ పరిశోధనా సంస్థ డి.ఆర్.డి.ఓ.తో కలిసి రైల్వేవారు తెచ్చిన ఈ బయో టాయిలెట్లలో, గాలి అవసరము లేని సూక్ష్మజీవులు మలమును నీరుగాను వాయువుగాను మారుస్తాయి. మంచి ఏర్పాటే. అయితే ఎవరైనా నీళ్ళ సీసాయో గుడ్డపేలికో వేస్తే గొంతు పట్టుకుంటుంది. మా బోగీలో ఒకటి గుంతకల్లు రాకముందే మూసుకుపోయింది. తరువాతి పెద్ద స్టేషనులో ఒక కుర్రవాడు కడ్డీ తీసుకొని వచ్చాడు. అందరూ ముక్కు మూసుకొని దారి ఇచ్చారు. అతని పేరు ఎవరూ అడగలేదు. మేమును అడగలేదు.

కాజిల్‌రాక్ దాటిన తరువాత బండి కనుమ దిగుతుంది. దూధ్‌సాగర్ జలపాతము మే నెలలో సన్నని తెల్లదారములా ఉంది. వర్షాకాలములో చూడవలసినది.

అబ్బాయి వాస్కో స్టేషనుకు వచ్చాడు. వందనములు చేసి బుట్ట అందుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “నాన్న పంపాడా?” అన్నాడు. “అమ్మ పంపింది” అన్నాము. మరి మాట్లాడలేదు.

అతడు పనిచేసే యార్డు మాండవి నది ఒడ్డున ఉంది. జూన్‌లో ఋతుపవనములు రాకముందే గోవాలో తెరచాప పడవలను నీటిలో నుండి బయటకు లాగి, అడుగు గోకి, రంగు వేసి, లోపలి యంత్రములు విప్పి సరిచేస్తారు. మే నెల అంతా వారికి మన మామిడి కోతవలె ఊపిరాడని కాలము. మేము చూచిన పడవ 40 అడుగులది. యజమాని డెబ్బది దాటిన విశ్రాంత నౌకాదళ అధికారి. చాలా సంవత్సరములు విశాఖపట్నంలో ఉన్నందున తెలుగు ముక్కలు వచ్చును. “రండి పాస్టర్‌గారూ, మా రాజభవనము చూడండి” అని చేయి పట్టి పడవ ఎక్కించాడు. అప్పటికి పడవ ఇంకా నీటిలోనే ఉంది. పోటు వచ్చినప్పుడు మరునాడు ఒడ్డుకు లాగుతారని చెప్పారు.

ఆ పడవలో మరుగుదొడ్డి గది మన బట్టల బీరువా కంటె కొంచెము పెద్దది. నావికులు దానిని ‘హెడ్’, అనగా ‘తల’, అంటారు. మాకు నవ్వు వచ్చింది. పూర్వము తెరచాప ఓడలలో నావికులు ఓడ ముక్కు దగ్గర, అనగా తల వైపున కూర్చునేవారట. క్రింద అలలు కడుక్కొనిపోయేవి. ఓడ మారింది, గది వెనుకకు జరిగింది, పేరు మాత్రము తలగానే మిగిలింది.

ఇక దాని పని తీరు. అబ్బాయి మాకు చెప్పిన విధముగానే చెప్పుతాము. ఇంటి దొడ్డిలో బకెట్టు నీళ్ళు పోస్తే అంతా పల్లమునకు జారిపోతుంది. పడవలో ఆ సదుపాయము లేదు. బేసిన్ ఇంచుమించు సముద్రపు నీటిమట్టము దగ్గర, ఒక్కొక్కసారి దాని క్రింద ఉంటుంది. పల్లము ఎక్కడిది? అందుచేత బేసిన్ ప్రక్కన ఒక చేతి పంపు పెట్టారు. మన బోరింగు పంపునకు తమ్ముడు అనుకోండి. పిడి పైకి క్రిందికి కొడుతుంటే, పంపు పైభాగము సముద్రపు నీటిని బేసిన్‌లోనికి లాగుతుంది, క్రిందిభాగము బేసిన్‌లో ఉన్నదానిని బయటకు నెట్టుతుంది. ప్రక్కన ఒక మీట ఉంటుంది. ఒకవైపు త్రిప్పితే నీరు వస్తుంది, మరియొకవైపు త్రిప్పితే నీరు ఆగి బేసిన్ ఖాళీ అవుతుంది.

బయటకు పోయే దారిలో బాతుముక్కు వంటి రబ్బరు కవాటము ఒకటి ఉంటుంది. లోపలి నుండి నెట్టితే పెదవులు తెరుచుకుంటాయి, బయట నుండి వచ్చేదానికి మూసుకుంటాయి. అరచేతిలో పట్టే వస్తువు. అది గట్టిపడినా, పెదవుల మధ్య వెండ్రుక చిక్కుకున్నా, పోయినది వెనుకకు వస్తుంది. ఏడాదికి ఒకసారి పాడైనా కాకపోయినా దానిని మార్చివేయాలని అబ్బాయి అన్నాడు. తరువాత గొట్టము నేరుగా పోదు. నీటిమట్టమునకు పైన కొండెక్కి దిగినట్లు వంపు తిరుగుతుంది. వంపు శిఖరమున గాలి పీల్చే చిన్న రంధ్రము. ఆ రంధ్రము ఎందుకో తోటలకు నీరు పెట్టేవారికి చెప్పనక్కరలేదు. తొట్టిలో నుండి గొట్టముతో నీరు నోటితో లాగి వదిలితే, ఆ తరువాత దానంతటదే పారుతుంది గదా. సముద్రము కూడ అలాగే పారుతుంది. గాలి రంధ్రము ఉప్పుతో మూసుకుపోయి, మీట నీళ్ళ వైపు వదలివేస్తే, సముద్రము నెమ్మదిగా బేసిన్‌లోనికి, బేసిన్ నుండి పడవలోనికి వస్తుంది. రేవులో కట్టిన పడవలు ఎవరూ చూడని రాత్రివేళ ఇలా మునిగిపోవటం ఉన్నదే.

అందుచేత పడవ అడుగున నీరు వచ్చే రంధ్రమునకు, పోయే రంధ్రమునకు లోపలివైపు గట్టి కొళాయిలు ఉంటాయి. పడవ దిగి వెళ్ళేటప్పుడు రెండింటిని మూసివేయాలి. వాటిని నెలకు ఒకసారి త్రిప్పుతూ ఉండకపోతే బిగిసిపోతాయి, అవసరమునకు తిరగవు. ప్రతి కొళాయి మెడకు ఒక మెత్తని కొయ్య బిరడా దారముతో కట్టి ఉంది. కొళాయి విరిగితే ఆ బిరడా రంధ్రములో కొట్టాలి. ఆ పూట ప్రాణము నిలబెట్టేది ఆ కొయ్యముక్క.

ఇంత విన్న తరువాత కూడ మేము చేసిన పని వినండి. మధ్యాహ్నము భోజనమైన తరువాత ఆ గది వాడుకోవలసి వచ్చింది. పంపు కొట్టాము, పోయింది, సంతోషించాము. మీట త్రిప్పటం మరచి వచ్చాము. ఆ పడవలో గాలి రంధ్రము సరిగా పనిచేయటం లేదని అబ్బాయి ఉదయమే చెప్పి ఉన్నాడు. ఇరవై నిమిషములకు గది తలుపు క్రింద నుండి నీరు పాకింది. అబ్బాయి పరుగెత్తి కొళాయి మూశాడు. గుడ్డ అందుకోబోయాడు. పెద్దాయన అతని చేయి పట్టుకొని ఆపి, ఆ గుడ్డ మా చేతికి ఇచ్చాడు. “పడవలో రూలు ఒకటే పాస్టర్‌గారూ. వాడినవాడే కడగాలి. కెప్టెన్ అయినా అంతే.”

మా సతీమణి నోటికి కొంగు అడ్డము పెట్టుకున్నది. మేము మోకాళ్ళ మీద కూర్చొని ఆ గది నేల అంతా తుడిచాము. నలభై ఆరేండ్ల వయస్సులో మా ఇంటి దొడ్డి మేము కడిగిన రోజులు వ్రేళ్ళ మీద లెక్కించవచ్చును. మిగిలిన రోజులు ఎవరు కడిగారో ఆమె నవ్వులోనే ఉంది.

పెద్దాయన మా సిగ్గు పోగొట్టుటకు ఒక కథ చెప్పాడు. 1945 ఏప్రిల్‌లో స్కాట్లండు తీరము దగ్గర యు-1206 అనే జర్మనీ జలాంతర్గామి నీటి లోపల ఉండగా, లోతులో కూడ పనిచేసే దాని క్రొత్తరకపు మరుగుదొడ్డి కవాటము తప్పుగా తెరిచారట. సముద్రపు నీరు లోపలికి చిమ్మి క్రిందనున్న బ్యాటరీల మీద పడి, క్లోరిన్ విషవాయువు పుట్టింది. పైకి తేలక తప్పలేదు. పైన శత్రువుల విమానములు. చివరకు నావికులు దానిని ముంచివేసి దిగిపోవలసి వచ్చింది. “మీరు ఒక గదే తడిపారు” అన్నాడు.

తరువాత ఆయనే ‘తారిణి’ సంగతి ఎత్తాడు. గోవాలోనే అక్వేరియస్ షిప్‌యార్డులో కట్టిన నౌకాదళపు తెరచాప పడవ అది. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీ అధికారులు దానిలో గోవా నుండి బయలుదేరి, భూగోళము చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న తిరిగి వచ్చారు. దాదాపు 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు, విశాఖపట్నం నుండి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు నుండి బొడ్డపాటి ఐశ్వర్య. “ఆ పడవలో ఆరుగురే. ఏడవ మనిషి లేదు. ప్లంబరును పిలుద్దామంటే దక్షిణ మహాసముద్రములో ఎవరు వస్తారు?” అని పెద్దాయన అడిగాడు. ఏడవ మనిషి లేదు అన్న ఆ మాట మాతోపాటు ఉంగుటూరు వరకు వచ్చింది.

మరునాడు పడవ ఒడ్డెక్కింది. అబ్బాయి గొట్టములు ఊడదీశాడు. అంగుళమున్నర గొట్టము, లోపల చూస్తే చిటికెనవ్రేలు పట్టే సందు. మిగిలినదంతా సున్నము పట్టినట్లు తెల్లని గార. మూత్రము, సముద్రపు నీరు కలిసినప్పుడు ఇలా గడ్డకట్టుతుందట. మన కాగులలో ఉప్పునీటి గార పట్టదా, అటువంటిదే. అతడు గొట్టమును రెండు చేతులతో పట్టుకొని చాకిరేవులో బట్ట బాదినట్లు సిమెంటు గట్టుకు బాదాడు. పెంకులు పెంకులుగా రాలింది. ఇంతవరకు రానీయకుండా ఉండటమే తెలివి అన్నాడు. పంపు నాలుగుసార్లు కొట్టి ఊరుకోక, గొట్టము పొడవునా పోయేటన్నిసార్లు కొట్టాలి. వారానికి ఒకసారి వినెగర్ పోసి రాత్రంతా ఉంచాలి. కాగితము వేయరాదు, గుడ్డ వేయరాదు, తిని అరిగించుకున్నది తప్ప మరేదియు పోరాదు. ఘాటైన క్లీనర్లు, బ్లీచింగు పోస్తే రబ్బరు చెడుతుంది. రబ్బరుకు సరిపడే సిలికాన్ గ్రీజు పూస్తే పంపు మెత్తగా నడుస్తుంది.

దుర్వాసన గురించి కూడ మాకు ఒక అపోహ ఉండేది. వాసన పోయినదాని నుండి వస్తుందనుకున్నాము. చాలాసార్లు వచ్చే నీటి నుండి వస్తుందట. సముద్రపు నీటిలో కంటికి ఆనని జీవరాశి ఉంటుంది. పడవ వారము రోజులు ఊరకనే ఉంటే గొట్టములో అది చచ్చి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన పుడుతుంది. దిగేముందు మంచినీరు పోసి కొట్టి వెళ్ళితే ఆ బాధ ఉండదు. ఆ వాసన గల వాయువే మన సెప్టిక్ ట్యాంకులలో నిండి మనుష్యులను చంపుతున్నది. ఎక్కువైతే ముక్కు దానిని పట్టలేదు కూడ. వాసన లేదు గదా అని దిగినవాడు పైకి రాడు. చదువరులు దయచేసి ఎవరినీ ట్యాంకులోనికి దింపవద్దు. అలాగే ఇంటిలో దొడ్డి కడిగే ఆసిడ్‌ను, బ్లీచింగు పొడిని ఎన్నడును కలపవద్దు. జలాంతర్గామిలో పుట్టిన విషవాయువే మన స్నానాలగదిలో పుడుతుంది.

పోయినది ఎక్కడికి పోతుంది అని మా సతీమణి అడిగింది. నది లోపల, రేవులో ఉన్నప్పుడు పడవలోని తొట్టిలోనే ఉంచుకుంటారు. పెద్ద ఓడల కొరకు 2003 సెప్టెంబరు 27 నుండి అంతర్జాతీయ నిబంధన అమలులో ఉంది. శుద్ధి చేయని మురుగును తీరమునకు 12 నాటికల్ మైళ్ళ లోపల, అనగా సుమారు 22 కిలోమీటర్ల లోపల వదలరాదు. చిన్న పడవలవారిలో మంచివారు తామును అదే పాటిస్తారు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో పాళెము వెలుపల చోటు ఏర్పరచుకొని, త్రవ్వి, కప్పివేయుమని ఇశ్రాయేలీయులకు చెప్పిన మాట మాకు జ్ఞాపకము వచ్చింది. అక్కడ కూడ ప్రతివాని ఆయుధములతోపాటు ప్రతివానికి ఒక గసిక ఉండాలి. ఒకరి కొరకు మరియొకరు త్రవ్వాలని లేదు. మా ఊరిలో ఎన్ని ఇండ్ల ట్యాంకు గొట్టములు బోదెలోనికి తెరచి ఉన్నాయో, ఆ బోదె ఏ కాలువలో కలుస్తుందో వ్రాయబోము, ఊరికి తిరిగి పోవలసిన వారము గనుక.

సాయంత్రము అబ్బాయితో ఒంటరిగా కూర్చున్నాము. వచ్చిన పని చెప్పాము. ఇంటికి రమ్మన్నాము.

“తాతయ్య పనీ నా పనీ ఒకటేనా అయ్యగారూ?” అన్నాడు. “తాతయ్యకి గంప ఇచ్చారు. వద్దు అనటానికి వీల్లేదు. నాకు పానాలున్నాయి, గ్లౌజులున్నాయి, నెలకి ఇరవై ఎనిమిది వేలొస్తాయి. రేపు మానేస్తానంటే మానేయొచ్చు. ఈ పంపు విప్పి బిగించటం ఇక్కడ ఎంతమందికొచ్చో అడగండి.”

మేము చూచినది ఒకటి ఉంది, అడుగక తప్పలేదు. “యార్డులో ఇంజను పనికి ముగ్గురున్నారు. తెరచాపల పనికి ఇద్దరున్నారు. దొడ్డి పనికి నీవొక్కడివే. ఎందుకు బాబూ?”

చాలసేపు మాట్లాడలేదు. “నేనే అడిగి తీసుకున్నానని అందరికీ చెప్తాను. కాదండి. వచ్చిన మొదటి వారం మనదే ఊరు, ఏ పేట అని అడిగారు. ఆ తరువాత ఇది ఇచ్చారు. నాకు అర్థమయింది. మానేద్దామనుకున్నా. అయితే పంపు విప్పి చూస్తే బాగుంది. నాన్న బోరింగు విప్పినట్టే ఉంది.” కొంతసేపటికి, “ఇంజను పని కూడా నేర్పమని అడుగుతాను. వాళ్ళనీ ఇది నేర్చుకోమని చెప్తాను” అన్నాడు. అడిగాడో లేదో ఇది వ్రాసేనాటికి మాకు తెలియదు.

తిరుగు ప్రయాణములో ఇద్దరమును ఎక్కువగా మాట్లాడుకోలేదు. కోలారు బంగారు గనుల ఊరిలో ఇదే పని చేసే తెలుగు కుటుంబములో పుట్టిన బెజవాడ విల్సన్ గారిని గురించి మేము చదివియున్నాము. తమవారు మోసే గంపలను చూచి ఓర్వలేక ఆయన జీవితమంతా ఆ పని మాన్పించుటకే ధారపోశాడు. 2016లో రామన్ మెగసెసే పురస్కారము వచ్చింది. పాకీపనిని నిషేధించిన చట్టములు 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. ఆయన సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు, మురుగుగోతులలో చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో మరియొక తీర్పు దానిని 30 లక్షలు చేసింది. చట్టము గంపను నిషేధించింది గాని, ఏ పేట అని అడుగుటను ఆపలేకపోయింది.

మరియొక సంగతి. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారును, పలు రాష్ట్రముల అధికారులును రెండు గుంటల మరుగుదొడ్డి గుంటలోనికి దిగి, ఎరువుగా మారిన దానిని తమ చేతులతో పారతో ఎత్తారు. ఒక గుంట నిండిన తరువాత మూసి, రెండవ గుంట వాడుతూ, మొదటిది ఏడాదికి పైగా వదలివేస్తే అది వాసన లేని మట్టి అవుతుంది. అప్పుడది మామిడి పాదులకు వేయదగినది. పత్రికలలో ఆ ఫోటోలు వచ్చాయి. అధికారులు చేస్తే వార్త అయింది, ఎవరి సంబంధమును తప్పిపోలేదు.

ఊరు చేరిన మరునాడు నూజివీడు వైపు తోటకు వెళ్ళాము. కోత చివరికి వచ్చింది. తండ్రి చెట్టు క్రింద గోనె మీద కూర్చొని కాయలు ఏరుతున్నాడు. చేతులు సొనతో నల్లగా ఉన్నాయి. చూచినదంతా చెప్పాము. మేము నేల తుడిచిన సంగతి, పెద్దాయన మాట, గొట్టములో గార, అన్నీ. పేట అడిగి పని ఇచ్చిన సంగతి దాచుదామా అనుకొని, దాచలేదు.

“అదే అనుకున్నా” అన్నాడు. మరి కొన్ని కాయలు ఏరాడు. పుచ్చు కాయ ఒకటి దూరముగా విసరివేశాడు.

తరువాత, మా వైపు చూడకుండానే, “ఆ పంపులో వాషరు తోలుదా, రబ్బరుదా?” అన్నాడు.

“రబ్బరుది.”

“ఎన్నాళ్ళు ఆగుద్దంట?”

“ఏడాదికోసారి మారుస్తారట.”

“ఉప్పునీళ్ళకి ఏడాది ఆగదే” అన్నాడు. బాతుముక్కు కవాటము సంగతి మేము చేతులతో చూపించబోతే అర్థము కాలేదు. మేము చెప్పే తీరు అటువంటిది. తువ్వాలుతో చేతులు తుడుచుకొని లేచాడు. “వాడి నంబరు నా ఫోన్లో తీసేశానండి. మీ ఫోను ఓసారి ఇవ్వండి.”

ఫోను పట్టుకొని చెట్ల మధ్యకు పోయాడు. మొదట ఏమీ వినబడలేదు. తరువాత, “ఒరేయ్, ఆ బాతుముక్కు దేనికి బిగిస్తారు, లోపలికా బయటికా?” అని గట్టిగా వినబడింది. మేము గోనె మీద కూర్చొని ఆయన వదలిన కాయలు ఏరుతూ ఉన్నాము. ఫోను తిరిగి వచ్చేసరికి ప్రొద్దు గుంకింది, బ్యాటరీ అయిపోయింది.